ఈఈజీలో తరంగాలు నెమ్మదిస్తే మతిమరుపు జబ్బు ముదిరినట్టేనా?

మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్న పెద్దవాళ్ళకు ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను గీసే పరీక్ష, తీయిస్తారు. రిపోర్టులో "మెదడు తరంగాలు అంతటా నెమ్మదించాయి" అని ఉంటుంది. ఇంట్లోవాళ్ళు వెంటనే అడిగేది ఒకటే: "జబ్బు ఎంత ముదిరింది సార్?" ఆ ప్రశ్నకు ఈఈజీ కొంతవరకు జవాబు చెప్పగలదు. కాకపోతే ఆ జవాబును నమ్మాలంటే, తీసిన పూట ఆ మనిషి పూర్తి మెలకువలో ఉన్నాడా, ఏమైనా తిన్నాడా, ఏ మాత్రలు మింగాడు, తలకు ఏం రాసుకున్నాడు అనేవి తెలిసి తీరాలి. తిరుపతి, చిత్తూరు వైపు ఈ పరీక్ష చేసే టెక్నీషియన్లకు, రాయించే కుర్ర డాక్టర్లకు, అవ్వాతాతలను వెంటబెట్టుకొచ్చే ఇంటివాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ నెమ్మది సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కళ్ళు మూసుకుని, మెలకువగా, ప్రశాంతంగా పడుకుంటే తల వెనకవైపు, అంటే ఓ1, ఓ2 అని పిలిచే ఎలక్ట్రోడ్ల దగ్గర, సెకనుకు తొమ్మిదీ పదీ చొప్పున తరంగాలు వస్తుంటాయి. కళ్ళు తెరవగానే అవి అణిగిపోతాయి. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో మనిషి ఈఈజీ గురించి మొదటిసారి ప్రచురించినప్పుడే ఈ ఆల్ఫా లయను వర్ణించాడు. లెక్కకు సెకనుకు 4 లోపువి డెల్టా, 4 నుంచి 8 తీటా, 8 నుంచి 13 ఆల్ఫా, ఆ పైవి బీటా. ఎనభై ఏళ్ళ మనిషికైనా సరే, మెలకువలో ఈ వెనక లయ 8 కంటే తగ్గకూడదు. తగ్గితే "వయసు మీద పడింది కదా" అని వదిలేయడానికి లేదు.

మతిమరుపు జబ్బుల్లో ఒకటైన అల్జీమర్స్‌లో మార్పు సాధారణంగా ఒక వరుసలో వస్తుంది. మొదట తీటా పెరుగుతుంది, దాదాపు అప్పుడే బీటా తగ్గుతుంది. తర్వాత ఆల్ఫా బలం తగ్గి, వెనక లయ 9 నుంచి 8కి, 7కి జారుతుంది. కళ్ళు తెరిచినా మూసినా తేడా తెలియకుండా పోతుంది. డెల్టా బాగా పెరిగేది జబ్బు ముదిరాక. మెదడు అడుగుభాగంలో అసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనాన్ని తయారుచేసి పై పొరకంతటికీ పంపే కణాలు చచ్చిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఆ రసాయనాన్ని నిలబెట్టే డొనెపెజిల్ మాత్ర మొదలుపెట్టాక కొందరిలో తరంగాలు కాస్త వేగం పుంజుకునేది కూడా అందుకే.

వెనక లయను చేత్తో లెక్కపెట్టడం ప్రతి ఒక్కరికీ రావాలి. సాఫ్ట్‌వేర్ చెప్పే అంకెను సరిచూసుకోవడానికి ఇంతకు మించిన దారి లేదు. కాగితం వేగం సెకనుకు 30 మిల్లీమీటర్లు, సున్నితత్వం మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టులు పెట్టుకోండి. కళ్ళు మూయించండి. మూసిన తొలి సెకను వదిలేయండి, ఆ క్షణంలో లయ అసలు కంటే వేగంగా కనిపిస్తుంది. ఆ తర్వాత నిలకడగా ఉన్న మూడు సెకన్ల ముక్క తీసుకుని శిఖరాలు లెక్కపెట్టండి. 22 వచ్చాయంటే సెకనుకు 7.3 అన్నమాట. ఇలాంటి ముక్కలు కనీసం నాలుగైదు చూసి, వాటిలో అన్నిటికంటే వేగంగా ఉన్నదాన్ని ఆ మనిషి లయగా రాయాలి, సగటును కాదు. మనిషి బాగా మేల్కొని ఉన్నప్పుడు మెదడు ఎంత వేగం అందుకోగలదో అదే మనకు కావాలి.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. కునుకు పడితే ఎవరికైనా ఆల్ఫా మాయమై తీటా వస్తుంది, ఇరవై ఏళ్ళ కుర్రాడికైనా అంతే. పెద్దవాళ్ళు చల్లటి గదిలో, మంచం మీద, కళ్ళు మూసుకోమంటే రెండు మూడు నిమిషాల్లోనే జారుకుంటారు. ఆ నిద్రమత్తు తీటాను జబ్బు తీటాగా చదివేస్తే తేలికపాటి మతిమరుపు కాస్తా కాగితం మీద "మధ్యస్థం" అయిపోతుంది. ఇది చిన్న పొరపాటు కాదు. ఆ మాట పట్టుకుని ఇంట్లోవాళ్ళు ఆ మనిషిని అంగడికి పంపడం మానేస్తారు, చేతికి డబ్బులివ్వడం మానేస్తారు, ఏదడిగినా "ఆయనకేం తెలుసులే" అంటారు.

కునుకును పట్టుకోవడానికి గుర్తులున్నాయి. రెప్పపాట్లు ఆగిపోతాయి. నుదుటికి రెండు పక్కలా ఉండే ఎఫ్7, ఎఫ్8 ఎలక్ట్రోడ్ల దగ్గర ఒకటి పైకి, ఒకటి కిందికి నెమ్మదిగా ఊగే గీతలు వస్తాయి, అవి మూసిన రెప్పల కింద కళ్ళు అటూ ఇటూ దొర్లుతున్నాయనడానికి గుర్తు. వెనక ఆల్ఫా ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. అలా కాగానే పేరు పెట్టి పిలవాలి, చప్పట్లు కొట్టాలి, కళ్ళు తెరిపించాలి. పిలిచిన తర్వాత లయ 8.5కి లేచిందంటే ముందు కనిపించిన 6 నిద్రది. గట్టిగా పిలిచి, కళ్ళు తెరిపించి, మూయించినా 6 దగ్గరే ఉందంటే అప్పుడు నమ్మవచ్చు.

పద్ధతిగా చేయాలంటే మొత్తం కనీసం ఇరవై నిమిషాల శుభ్రమైన రికార్డింగు ఉండాలి. అందులో ఒక నిమిషం కళ్ళు మూసి, అర నిమిషం తెరిచి, మళ్ళీ మూసి, ఇలా నడిపించండి. ప్రతి మార్పునూ టెక్నీషియన్ ఆ క్షణంలోనే రికార్డులో గుర్తు పెట్టాలి. మెలకువ కోసం చిన్న లెక్కలు అడగవచ్చు గానీ, లెక్క చేస్తున్న ముక్కను కొలతకు వాడకూడదు, ఆలోచిస్తున్నప్పుడు కూడా ఆల్ఫా తగ్గుతుంది. పరీక్ష ఉదయం పూట, బాగా నిద్రపోయి వచ్చిన రోజు పెట్టుకోవాలి, మధ్యాహ్న భోజనం తర్వాత వద్దు. ఫిట్స్ కోసం ఈఈజీ రాసినప్పుడు "రాత్రి నిద్ర మేల్కొని రండి" అని చెప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. మతిమరుపు తీవ్రత చూడాలనుకున్నప్పుడు ఆ చీటీనే చేతికిస్తే పరీక్ష మొత్తం వృథా.

ఇంకో మాట. కుప్పం, పలమనేరు, నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడేవాళ్ళు చాలామంది. మతిమరుపు ముదిరే కొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవచ్చు. "కండ్లు మూసుకో అవ్వా" అంటే పలకని మనిషి "కణ్ణు మూడుంగ పాటీ" అంటే వెంటనే మూయవచ్చు. ఆ ఒక్క మాట తెలియక "చెప్పింది చేయడం లేదు" అని రిపోర్టులో రాసేయకండి.

తల తయారుచేసే పని దగ్గరికొద్దాం. ఎలక్ట్రోడ్లు 10–20 పద్ధతిలో పెడతాం. ముక్కు పైన కనుబొమల మధ్య గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపుతో కొలవండి. అది 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే ముందు నుంచి 3.6 దగ్గర మొదటి గుర్తు, తర్వాత 10.8, 18, 25.2, 32.4. తల చుట్టుకొలత 54 అయితే చివరి గుర్తుకు ఎడమవైపు 2.7 దగ్గర ఓ1, కుడివైపు 2.7 దగ్గర ఓ2. కంటి అంచనాతో పెడితే సాధారణంగా ఇవి రెండూ కిందికి జారుతాయి. అప్పుడు మెడ కండరాల గోల ఎక్కువై, మనం వెతుకుతున్న ఆల్ఫానే కనిపించదు. కొప్పు ఉన్న ఆడవాళ్ళకు కొప్పు విప్పించాలి, లేకపోతే వెనక ఎలక్ట్రోడ్లు చర్మానికి ఆనవు. దిండు బదులు మెడ కింద చుట్టిన తువ్వాలు పెడితే ఓ1, ఓ2 నలగవు.

ప్రతి ఎలక్ట్రోడ్ దగ్గర నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపు ఉంటే మేలు, 10 దాటకూడదు. కొబ్బరినూనె దీనికి మొదటి శత్రువు. ముందురోజు రాత్రి షాంపూతో తలంటుకుని, నూనె రాయకుండా, తల పూర్తిగా ఆరబెట్టుకుని రావాలి. మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన తల కూడా వస్తుంది. కొండకు పోయి గుండు కొట్టించుకుని, గంధం పూసుకుని, అటునుంచి అటే ఆస్పత్రికి వచ్చేవాళ్ళు. గుండు మీద కొలతలు సులువు, కానీ ఎండిన గంధం పొర కింద చర్మం దొరకదు. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూదితో గంధం మొత్తం తుడిచి, ఆరాక, చర్మం రుద్దే జెల్ తేలిగ్గా వాడండి. కత్తి గాట్లున్న చోట రుద్దకండి. నొప్పి ఒక్కటే కాదు, గాటు మీద నిరోధం బాగా పడిపోయి రెండు పక్కలా సమానంగా ఉండదు. గుండు మీద పేస్టు ఎక్కువ పెడితే ఒకదాని నుంచి ఇంకోదానికి పాకి రెండు ఎలక్ట్రోడ్లూ కలిసిపోతాయి. ఆ జత మధ్య గీత చదునుగా కనిపిస్తుంది, చూసేవాళ్ళు అక్కడ మెదడు పనిచేయడం లేదనుకుంటారు.

నెమ్మది తరంగాల్లా వేషం వేసేవి ఇంకా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు చెమట పట్టిన తల మీద సెకనుకు ఒకటి కంటే నెమ్మదిగా పెద్ద పెద్ద అలలు వస్తాయి, డెల్టా లెక్క ఉబ్బిపోతుంది. బయటి నుంచి వచ్చిన మనిషిని పదిహేను ఇరవై నిమిషాలు చల్లటి గదిలో కూర్చోబెట్టి, నుదురు తుడిచి, అప్పుడు మొదలుపెట్టండి. సీలింగ్ ఫ్యాన్ కింద వైర్లు ఊగితే అదో నెమ్మది అల. వైర్లన్నీ కలిపి జడలా కట్టి భుజం పక్కన పెట్టాలి. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6, సరిగ్గా తీటా మీదే కూర్చుంటుంది. తల కూడా దాంతో కదులుతుంటే వెనక ఎలక్ట్రోడ్లలో అచ్చం తీటాలా ఉంటుంది. వణికే చేతి మీద ఒక అదనపు ఎలక్ట్రోడ్ పెడితే రెండూ ఒకే తాళంలో నడుస్తున్నాయో లేదో తేలిపోతుంది.

నాలుక సంగతి చాలామంది మరిచిపోతారు. నాలుక కొనకూ మొదలుకూ మధ్య విద్యుత్తు తేడా ఉంటుంది, అది కదిలితే ముందు భాగంలో డెల్టాలాంటి అలలు వస్తాయి. పరీక్ష అంటే భయపడి లోలోపల గోవింద నామాలు చదువుకునే అవ్వలకు ఇది తప్పకుండా వస్తుంది. మానమని కసురుకోకండి, ఆ నామాలే ఆమెకు ధైర్యం. మొదట్లోనే "ల ల ల" అనిపించి నాలుక గీత ఎలా ఉంటుందో ఒక నమూనా తీసుకోండి. ఒక నిమిషం నామాలు చెప్పుకోనివ్వండి, తర్వాత ఒక నిమిషం "మనసులోనే తలుచుకో అవ్వా, నాలుక కదిలించొద్దు" అనండి. వదులైన పళ్ళ సెట్టు, దవడన పెట్టుకున్న వక్కాకు కూడా ముందే తీయించాలి.

ఇప్పుడు కడుపులోకి పోయేవి. నిద్రమాత్రలు, అంటే క్లోనజెపామ్, లోరజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి, బీటాను పెంచుతాయి. మొత్తంలో తీటా వాటా ఎంత అని లెక్కించినప్పుడు బీటా ఉబ్బితే తీటా వాటా తగ్గినట్టు కనిపిస్తుంది, జబ్బు తక్కువగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. క్వెటియాపిన్, క్లోజపిన్, అమిట్రిప్టిలిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, కొన్ని ఫిట్స్ మందులు తరంగాలను నెమ్మది చేస్తాయి. పరీక్ష కోసం ఏ మాత్రా సొంతంగా ఆపకూడదు. నిద్రమాత్రలు, ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. పేరు, మోతాదు, ఆఖరిసారి ఎన్ని గంటలకు వేసుకున్నారు అన్నది రిక్వెస్టు ఫారం మీద రాస్తే చాలు.

రక్తంలో చక్కెర పడిపోయినా మెదడు నెమ్మదిస్తుంది. శనివారాలు ఒంటిపొద్దు ఉండే పెద్దవాళ్ళు మన వైపు ఇంటింటికీ ఉంటారు, పెరటాసి నెలలో మరీను. చక్కెర జబ్బుకు ఇచ్చే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, పొద్దున పరగడుపు రక్తపరీక్ష అయ్యాక అలాగే ఈఈజీ మంచం ఎక్కితే వచ్చేది డిమెన్షియా కొలత కాదు, ఆకలి కొలత. రక్తం ఇచ్చాక టిఫిన్ తినిపించి, వేలి మీద చక్కెర చూసి, 70 కంటే తక్కువుంటే రికార్డింగు వాయిదా వేయాలి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్ళలో సోడియం పడిపోవడం మామూలే, అది కూడా ఇదే బొమ్మ గీస్తుంది. కిడ్నీ, లివర్ దెబ్బతిన్నా, థైరాయిడ్ తగ్గినా, బీ12 లేకపోయినా అంతే. వీటిలో చాలావాటిని సరిచేయవచ్చు. అందుకే ఆ వారంలోపు రక్తపరీక్షలు పక్కన లేకుండా ఈఈజీ నెమ్మదిని చూసి "ముదిరింది" అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. అప్పుడైనా అంకె చూసి దశ చెప్పవచ్చా? గుంపులుగా చూస్తే చెప్పవచ్చు: తీవ్రత ఎక్కువున్నవాళ్ళ గుంపులో తీటా, డెల్టా ఎక్కువ, వెనక లయ తక్కువ. ఒక్క మనిషి దగ్గరికొస్తే గుంపులు ఒకదాని మీదికి ఒకటి బాగా వచ్చేస్తాయి. తొలిదశ అల్జీమర్స్‌లో ఈఈజీ పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. జబ్బుకు ముందు 11తో బతికిన మనిషి 9కి దిగితే అది ఆ మనిషికి పెద్ద నష్టమే, రిపోర్టు మాత్రం "నార్మల్" అంటుంది.

జబ్బు రకం కూడా లెక్క మారుస్తుంది. లెవీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకంలో రోజువారీ పనులు ఇంకా బాగానే చేసుకుంటున్న దశలోనే వెనక లయ 8 లోపుకు పడి, క్షణక్షణం మారుతుంటుంది. 2017లో సవరించిన ఆ జబ్బు నిర్ధారణ నియమాల్లో ఈ ఈఈజీ బొమ్మను సహాయక గుర్తుగా చేర్చారు కూడా. మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: మనిషి ప్రవర్తన పూర్తిగా మారిపోయి ఇల్లు అల్లకల్లోలంగా ఉన్నా ఈఈజీ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. అంచేత ఒకే తీటా అంకెకు మూడు జబ్బుల్లో మూడు అర్థాలు.

తీవ్రత తేల్చాల్సింది మొదట మనిషిని, ఇంటివాళ్ళను అడిగి. సీడీఆర్ అనే కొలత అందుకే ఉంది: జ్ఞాపకం, సమయం–చోటు తెలియడం, నిర్ణయాలు, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, సొంత శుభ్రత అనే ఆరు విషయాలు చూసి 0, 0.5, 1, 2, 3 అని ఇస్తారు. జ్ఞాపకం, ఆలోచన చూసే 30 మార్కుల ప్రశ్నల పరీక్ష ఎంఎంఎస్ఈ బడికి పోని రైతుకూ, పాలు పోసే అవ్వకూ సరిపోదు, అందులో చదవాలి, వాక్యం రాయాలి. ఇలాంటివాళ్ళ కోసం మార్చిన హెచ్ఎంఎస్ఈ ఉంది. ఈఈజీ గొప్పతనం ఇక్కడ ఉంది: అది చదువు అడగదు, భాష అడగదు. ప్రశ్నల పరీక్ష నమ్మలేనంత తక్కువ చదువు, చెవుడు, మాట పడిపోవడం ఉన్నచోట ఈఈజీ మాటకు విలువ పెరుగుతుంది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు లక్షణాలు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. తెలుగు, తమిళం రెండూ నాలుక మీదుండే మన సరిహద్దు ఊళ్ళలో మార్కులకూ మెదడు స్థితికీ పొంతన కుదరకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండిటినీ రాసిపెట్టాలి, ఒకదానితో ఒకటి కొట్టేయకూడదు.

కొన్ని బొమ్మలు కనిపిస్తే తీవ్రత లెక్క పక్కన పడేసి వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి. మూడు దశల మొనల అలలు వరుసగా వస్తుంటే లివర్, కిడ్నీ వైపు చూడాలి. వారాల్లో దిగజారిపోతున్న మనిషికి సెకనుకు ఒకటి చొప్పున మొనదేలిన అలలు వస్తుంటే సీజేడీ (మెదడును వేగంగా దెబ్బతీసే అరుదైన జబ్బు) అనుమానం. ఒక పక్కనే లయ చిన్నబోతే పడిపోయినప్పుడు తలలో గడ్డకట్టిన రక్తం ఉందేమో స్కాన్ తీయాలి. పైకి కనిపించని ఫిట్స్ నడుస్తుంటే అది మతిమరుపు వేషంలో వచ్చిన ఫిట్స్, మందుకు లొంగుతుంది.

తిరుపతి కాలేజీల్లో ఈ విషయం మీద ప్రాజెక్టు చేసే పిల్లలకు నాలుగు మాటలు. గ్రీసులోని థెస్సలొనీకిలో తీసిన 88 మంది ఈఈజీలు ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి: 36 మంది అల్జీమర్స్, 23 మంది ఫ్రాంటోటెంపోరల్, 29 మంది ఆరోగ్యవంతులు, 19 ఎలక్ట్రోడ్లు, సెకనుకు 500 నమూనాలు, ఎంఎంఎస్ఈ మార్కులతో సహా. నాలుగు సెకన్ల ముక్కలు తీసుకుంటే పావు హెర్ట్జ్ దాకా తేడా చూడవచ్చు. జబ్బును గుర్తుపట్టడం కంప్యూటర్‌కు నేర్పేటప్పుడు ఒకే మనిషి ముక్కలు కొన్ని శిక్షణలో, కొన్ని పరీక్షలో పడితే కంప్యూటర్ జబ్బును కాదు, ఆ మనిషి తలను గుర్తుపడుతుంది. తొంభై అయిదు శాతం దాటిన కచ్చితత్వం కనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. మనిషి మొత్తాన్ని పక్కన పెట్టి పరీక్షించండి. ఇంకో ఉచ్చు: ఆరోగ్యవంతులందరికీ 30 మార్కులు. వాళ్ళను కలిపి తీటాకూ మార్కులకూ సంబంధం గీస్తే గీత అందంగా వస్తుంది, కానీ అది రెండు గుంపుల మధ్య తేడా మాత్రమే. తీవ్రత గురించి మాట్లాడాలంటే అల్జీమర్స్ ఉన్న 36 మందిలోనే ఆ గీత నిలుస్తుందో లేదో చూడాలి.

ఇంటివాళ్ళకు చివరిగా. ఈఈజీ ఒకసారి తీసి వదిలేసే కంటే, ఏడాదికో ఆరునెలలకో అదే మనిషికి మళ్ళీ తీసి పోల్చినప్పుడే నిజంగా ఉపయోగం. అదే వేళకు, అవే మాత్రల మీద, అదే రకం అమరికలో తీయాలి. వెనక లయ పాతదాని కంటే సెకనుకు ఒకటి తగ్గిందంటే, ఇంకా 8 పైనే ఉన్నా, అది మార్పే. ఇలా పోల్చడానికి ఒక పేజీ ప్రింటవుటు చాలదు. స్విమ్స్‌కు పోయినా, రుయాకు పోయినా, వేలూరు సీఎంసీకి పోయినా రిపోర్టుతో పాటు ఈడీఎఫ్ ఫైలును, అంటే తరంగాల అసలు రికార్డును, పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని అడగండి. ఆ ఫైలు పక్కనే ఒక కాగితం మీద తేదీ, గంట, ముందురాత్రి నిద్ర, ఏం తిన్నారు, మాత్రల పేర్లు, ఆ పూట చక్కెర, ఆ వారం సోడియం, అప్పటి సీడీఆర్ రాసి ఫొటో తీసి, ఆ ఫొటోనూ అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.